జాబు రాని నెల

రాయబారులు ఉత్తచేతులతో కోటలోకి తిరిగొచ్చారు. ఏనుగులిస్తామన్నారు, ధనమిస్తామన్నారు, నగలూ రత్నాలూ ముందు పెడతామన్నారు. పదకొండేళ్ల కిందట ఢిల్లీ సేనాని మలిక్ కాఫూర్ ఏం తీసుకుని వెళ్లాడో మీరూ అదే తీసుకుని వెళ్లండని బతిమాలారు. ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ మెత్తబడలేదు. అతనికి కప్పం అక్కర్లేదు. కోట కావాలి, కోటలో ఉన్న రాజు కావాలి.

అది 1321వ సంవత్సరం. ఓరుగల్లు మట్టికోట రేపో మాపో చేజారేలా ఉంది. రోజూ పోరే. పైనుంచి నిప్పులు కురుస్తున్నాయి, కిందినుంచి మంజనీకులు రాళ్లు విసురుతున్నాయి, రెండు వైపులా మనుషులు రాలిపోతున్నారు. కోట లోపల కాకతీయ రాజు ప్రతాపరుద్రుడికి దిక్కుతోచడం లేదు. ఈ ముట్టడిని రాసిపెట్టిన ఢిల్లీ చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ ఇక్కడిదాకా గెలుపు తమదేనన్న ధీమాతో కథ నడిపాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అదే ఉలుగ్ ఖాన్ గుప్పెడు మందిని వెంటేసుకుని దేవగిరి దారిన పారిపోతున్నాడు. ఢిల్లీ దండు సామాను ఓరుగల్లు వాళ్ల చేతికి చిక్కింది. ఈ రెండు దృశ్యాల మధ్య కోటకు కొత్త బలగమేదీ వచ్చి చేరలేదు. ముట్టడిదారుల మీద గొప్ప దాడీ జరగలేదు. ఢిల్లీ సేన తనలో తానే విరిగిపోయింది.

వరంగల్ పిల్లలకు 1323 నేర్పుతాం. కాకతీయ సామ్రాజ్యం కూలిన ఏడాది కాబట్టి నేర్పాలి కూడా. కానీ 1321ని “మొదటి దండయాత్ర విఫలమైంది” అన్న ఒక్క వాక్యంతో దాటేస్తాం. ఆ వాక్యం వెనక ఒక కవి ఉన్నాడు, నలుగురు సేనానులున్నారు, ఎవరూ కళ్లారా చూడని ఒక జాబితా ఉంది, నెల రోజులుగా రాని జాబులున్నాయి. ఆ తర్వాత ఓరుగల్లు చేసిన ఒక ఘోరమైన పొరపాటు కూడా ఉంది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఈ ఊరి మనిషికి మనసు కలుక్కుమంటుంది.

ముందు కోట సంగతి. ఇవాళ ఖిలా వరంగల్ చూడబోయేవాళ్లు రాతికోట కంటే ముందు ఒక మట్టి గట్టును దాటుతారు. పొదలు మొలిచి చెరువు కట్టలా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని కోటగోడ అనుకోరు. నిజానికి ఢిల్లీ సేనలను నెలల తరబడి నిలబెట్టింది అదే. లోపలి రాతికోట అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. దానికి 45 బురుజులు, చుట్టూ అగడ్త. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఆ గోడను రుద్రమదేవి ఇంకా ఎత్తు చేయించింది. మట్టికోట అడ్డుకొలత దాదాపు 2.4 కిలోమీటర్లు. 1310లో మలిక్ కాఫూర్ హనుమకొండ వైపునుంచి వచ్చి ఇదే మట్టిగోడ ముందు దిగినప్పుడు, మంజనీకుల రాళ్లు గోడకు తగిలి వెనక్కి ఎగిరొచ్చేవని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో అబ్బురపడుతూ రాశాడు. అప్పుడు ప్రతాపరుద్రుడు ఏనుగులూ గుర్రాలూ ధనమూ ఇచ్చి సంధి చేసుకున్నాడు. 1318లో ఖుస్రూ ఖాన్ వచ్చినప్పుడూ అంతే. అంతకు ముందు, 1303లో, ఉప్పరపల్లి దగ్గర తెలుగు నాయకులు ఢిల్లీ సేనను చెదరగొట్టి పంపారు. అంటే 1321 నాటికి ఢిల్లీకీ ఓరుగల్లుకూ ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు. ఢిల్లీ గద్దె మీద గొడవలు మొదలైతే చాలు, ఓరుగల్లు కప్పం ఆపేసేది.

1316 నుంచి 1320 దాకా ఆ గద్దె మీద గొడవలు తప్ప మరొకటి లేదు. అలాఉద్దీన్ ఖిల్జీ 1316 జనవరిలో పోయాడు. చక్రం తిప్పుదామనుకున్న మలిక్ కాఫూర్‌ను నెల దాటగానే నరికేశారు. గద్దెనెక్కిన ముబారక్ షాను 1320లో అతని ఆప్తుడు ఖుస్రూ ఖానే చంపించాడు. ఓరుగల్లుకు వచ్చి కప్పం పట్టుకెళ్లిన ఖుస్రూ ఖాన్ ఇతనే. రెండు నెలలైనా నిలిచాడో లేదో, సరిహద్దులో మంగోలులతో పోరాడి పేరు తెచ్చుకున్న ఘాజీ మలిక్ వచ్చి ఇతన్ని మట్టుపెట్టి, గియాసుద్దీన్ తుగ్లక్ పేరుతో సింహాసనమెక్కాడు. ఆయన పెద్దకొడుకే ఉలుగ్ ఖాన్. అసలు పేరు జౌనా. లోకం తర్వాతి రోజుల్లో ఇతన్ని ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఎరుగుతుంది.

ఓరుగల్లు ముందు దిగిన దండును ఈ నాలుగేళ్ల రక్తంలోంచి చూడాలి. యువరాజు కొత్త వంశం వాడు. అతని కింద ఉన్న పెద్ద సేనానులు పాత కొలువు వాళ్లు, అలాఉద్దీన్ చేతి కింద ఎదిగిన అమీర్లు. మలిక్ తమర్, మలిక్ తిగిన్, మలిక్ మల్ అఫ్ఘాన్, రాజముద్రిక బాధ్యత చూసే మలిక్ కాఫూర్. (ఈ కాఫూర్ వేరు. 1310లో వచ్చినవాడు అప్పటికే చచ్చిపోయాడు.) తుగ్లక్ రాజ్యం పుట్టి ఏడాది అయింది. ఖుస్రూ ఖాన్ తన పదవి నిలుపుకోవడానికి ఖజానా తెరిచి పంచిన సొమ్మును కొత్త సుల్తాను తిరిగి రాబడుతున్నాడు. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియాను కూడా లెక్క అడిగాడంటే మిగతావాళ్ల మాట చెప్పక్కర్లేదు. సేనానులు సలాములు చేస్తున్నారు, యుద్ధం చేస్తున్నారు. కానీ ఈ వంశం నిలుస్తుందా, నిలిస్తే తాము నిలుస్తామా అన్న శంక ప్రతి గుడారంలోనూ ఉండి ఉంటుంది.

ఆ శంకను ఇన్నాళ్లూ అణచిపెట్టింది ఢిల్లీ నుంచి వచ్చే జాబు.

ఢిల్లీ టపా అప్పటి లోకంలో ఒక వింత. రెండు రకాలుగా నడిచేది. గుర్రాల టపా ఒకటి, కాలినడక టపా ఒకటి. 1333లో ఈ దేశానికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఆ కాలినడక టపాను దగ్గరుండి చూశాడు. మైలుకు మూడు మజిలీలు. ప్రతి మజిలీలోనూ నడుం బిగించుకుని సిద్ధంగా కూర్చున్న మనుషులు. జాబు మోసేవాడికి ఒక చేతిలో జాబు, మరో చేతిలో రెండు మూరల కర్ర. కర్ర కొసన రాగి గజ్జెలు. వాడు ప్రాణం పెట్టి పరుగెత్తుతాడు. గజ్జెల చప్పుడు దూరాన వినపడగానే అవతలి మజిలీ మనిషి లేచి నిలబడతాడు, చేతిలో జాబు పడగానే పరుగు అందుకుంటాడు. గుర్రాల టపా కంటే ఇదే తొందరగా అందేదని బతూతా రాశాడు. ఢిల్లీ నుంచి దేవగిరికి మామూలు ప్రయాణికుడికి నలభై రోజుల దారి. ఓరుగల్లు ఇంకా అవతల. అంత దూరాన ఉన్న యువరాజుకు తండ్రి దగ్గర నుంచి వారానికి రెండు మూడు జాబులు వచ్చేవని బరనీ చెబుతున్నాడు.

అవి ఆగిపోయాయి. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. దగ్గర దగ్గర నెల రోజులు ఒక్క జాబూ రాలేదు.

ఇలాంటిది అంతకు ముందూ జరిగింది, కాకపోతే అటునుంచి. 1310లో మలిక్ కాఫూర్ ఇక్కడ ముట్టడిలో ఉండగా తెలంగాణ దారుల్లో ఠాణాలు తెగిపోయి, నలభై రోజులకు పైగా ఢిల్లీకి కబురు అందలేదు. అలాఉద్దీన్ అంతటివాడు కుదురుగా ఉండలేక, తన సేన క్షేమమేనా చెప్పమని నిజాముద్దీన్ ఔలియా దగ్గరికి మనుషుల్ని పంపాడు. అప్పుడు కంగారు పడింది రాజు ఒక్కడు. 1321లో కంగారు పడింది దండు దండంతా.

మొదట్లో సేనానులు అనుకున్నది సబబైన మాటే. దారిలో ఏవో ఠాణాలను ఎవరో కొట్టేసి ఉంటారు, టపా మనుషులు రాలేకపోతున్నారు, అంతే. నిజం కూడా బహుశా అదే. కానీ మట్టిగోడ కింద నెలల తరబడి పడి ఉన్న మనుషులకు సబబైన కారణం ఎన్నాళ్లు సరిపోతుంది? ఈ ముట్టడి ఆరు నెలలు సాగిందని మరో చరిత్రకారుడు ఇసామీ రాశాడు. వడగాడ్పులకూ రోగాలకూ శిబిరంలో రోజూ జనం చచ్చిపోయేవారని ఫెరిష్తా అంటాడు. ఫెరిష్తా ఈ సంగతి రాసింది దాదాపు మూడువందల ఏళ్ల తర్వాత. అతని మాట సాంతం నమ్మకపోయినా, ఓరుగల్లు ఎండ తెలిసినవాళ్లకు కొట్టిపారేయాలనిపించదు. ఉత్తరాది నుంచి వచ్చిన రౌతు ఈ ఎండలో కవచం తొడుక్కుని కూర్చున్నాడు. గుర్రానికి మేత దొరకడం కష్టం. ఇంటి కబురు లేదు. రాజు కబురు లేదు. సాయంత్రం కాగానే ఒక గుడారం వాడు పక్క గుడారానికి వెళ్లి ఏమైనా తెలిసిందా అని అడుగుతాడు. తెలియలేదన్న మాట మూడో గుడారానికి చేరేసరికి ఏదో దాస్తున్నారన్న మాటగా మారుతుంది.

సరిగ్గా అప్పుడు ఇద్దరు మనుషులు రంగంలోకి దిగారు. ఒకడు ఉబైద్. కవి. రెండోవాడు షేక్‌జాదా దిమష్కీ. ఇద్దరూ యువరాజు కొలువులో తిరిగేవాళ్లే, అతని గుడారంలోకి వెళ్లి వచ్చే చనువున్నవాళ్లే. సుల్తాన్ గియాసుద్దీన్ చచ్చిపోయాడు, ఢిల్లీలో రాజ్యం తలకిందులైంది, గద్దె మీద ఇప్పుడు వేరొకడున్నాడు, అందుకే దారులు మూసేశారు, అందుకే టపా రావడం లేదు అని సేనలో పుకారు పుట్టించారు.

వాళ్లకు ఎందుకీ పని? బరనీ కారణం చెప్పడు, దుర్మార్గులు అని తిట్టి ఊరుకుంటాడు. ఇసామీ దగ్గర మాత్రం నమ్మదగ్గ ఒక కారణం దొరుకుతుంది. ముట్టడి ఎంతకీ తెమలక ఢిల్లీ నుంచి సుల్తాను కోపంగా జాబులు రాస్తుంటే, కోట ఎప్పుడు పడుతుందో చెప్పమని యువరాజు ఉబైద్‌ను జోస్యం అడిగాడట. ఉబైద్ లెక్కలు కట్టి ఫలానా రోజని చెప్పాడు. తప్పితే ప్రాణం ఇస్తానన్నాడు. ఆ రోజు దగ్గర పడుతోంది, కోట పడేలా లేదు. తల కాపాడుకోవడానికి అతనికి మిగిలిన దారి ఒక్కటే. జోస్యం గడువు ముగిసేలోగా ముట్టడే లేకుండా పోవాలి. ఒక మనిషి తన తల దక్కించుకోవడానికి సేననంతా కూల్చాడన్న ఈ కథనం నాకైతే మానవ స్వభావానికి దగ్గరగా కనిపిస్తుంది.

సుల్తాను పోయాడన్న పుకారు మామూలు సిపాయిల కోసం. సేనానుల కోసం వేరే మాట తయారు చేశారు. ఇద్దరూ తమర్, తిగిన్, మల్ అఫ్ఘాన్, ముద్రికల కాఫూర్‌లను కలిశారు. మీరు అలాఉద్దీన్ కాలపు పెద్దలు, యువరాజు గద్దె ఎక్కాలంటే మీరే అడ్డం, అందుకే మీ పేర్లన్నీ ఒక జాబితాలో ఎక్కించి పెట్టుకున్నాడు, ఒకేసారి అందర్నీ పట్టుకుని తలలు తీయబోతున్నాడు అని చెప్పారు.

ఆ జాబితాను ఎవరూ చూడలేదు. చూపించమని ఎవరైనా అడిగారని కూడా బరనీ రాయలేదు. చెప్పినవాళ్లు పొద్దస్తమానం యువరాజు పక్కన ఉండేవాళ్లు కాబట్టి సేనానులు నమ్మారంటాడు. అది నిజమే గానీ, అంతకన్నా లోతైన కారణం ఆ నలుగురి అనుభవంలోనే ఉంది. 1296లో అలాఉద్దీన్ దేవగిరి దోచుకుని తిరిగొస్తూ, సొంత పినతండ్రి, మామ అయిన జలాలుద్దీన్‌ను కడా దగ్గర నది ఒడ్డున చంపించి రాజయ్యాడు. బంగారం చూసి అతని వైపు తిరిగిన జలాలుద్దీన్ అమీర్లను ఆ తర్వాత అదే అలాఉద్దీన్ పట్టి కళ్లు పీకించాడు, చంపించాడు, ఆస్తులు లాక్కున్నాడు. అలాఉద్దీన్ పోయాక అతని కొడుకుల కళ్లు పీకారు. రాజు మారినప్పుడు పాత రాజు మనుషులకు ఏం జరుగుతుందో ఆ కొలువులో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. దక్కను దండయాత్ర నుంచి తిరిగొస్తున్న యువరాజు ఏం చేయగలడో కూడా చెప్పక్కర్లేదు. ఉబైద్ కొత్తగా కల్పించిందేమీ లేదు. వాళ్లు చూసినదాన్నే వాళ్లకు తిరిగి చెప్పాడు. అందుకే అంత తేలిగ్గా ఎక్కింది.

ఆ నలుగురూ ఒక్కసారి యువరాజు గుడారానికి వెళ్లి నిలదీసి ఉంటే? వెళ్లలేరు. పుకారు అబద్ధమైతే అడిగిన పాపానికి అనుమానంలో పడతారు. నిజమైతే తలలు అక్కడే తెగుతాయి. యువరాజు వైపు నుంచి చూసినా అంతే. టపా ఎందుకు రావడం లేదో అతనికీ తెలియదు, తండ్రి క్షేమమని చెప్పడానికి చేతిలో రుజువు లేదు. ఒకరి ముఖం ఒకరు చూసి మాట్లాడుకోలేని స్థితిలో ఉన్న నాయకత్వం అది. పైకి మాత్రం కోట ముందు నిలబడి గెలుస్తోంది.

సేనానులు ఓరుగల్లుతోనే లోపాయికారీగా మాట్లాడుకున్నారని ఇసామీ అంటాడు. మేం వెళ్లిపోతున్నాం, మా మీద పడొద్దు, అని. ప్రతాపరుద్రుడికి అంతకన్నా ఏం కావాలి?

ఒక ఉదయం వాళ్ల దళాలు కదిలాయి. ఏ అమీరు నగారా వాడిది, ఏ అమీరు జెండా వాడిది. ఎవరి నగారా వాళ్లు మోగించుకుని విడిపోయారని ఇబ్న్ బతూతా విన్నాడు. వేళకాని వేళ ఒక నగారా, వెనకే మరొకటి. శిబిరంలో మిగిలిన సిపాయికి అంతకు మించి ఆజ్ఞ అక్కర్లేదు. పెద్దలే పోతున్నారంటే సుల్తాను చచ్చిన మాట నిజమే. ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఎవడూ పక్కవాడి గురించి ఆలోచించలేదని బరనీ రాశాడు.

మట్టిగోడ మీద కావలి ఉన్నవాళ్లు ఆ పొద్దు ఏమనుకున్నారో ఏ గ్రంథంలోనూ లేదు. ఇప్పటి వరంగల్ నోటితో ఊహించుకుంటే ఇలా ఉంటుంది.

“అన్నా, గా గుడారాల కాడ గంత దుమ్మేందే? మల్ల మీదికొస్తున్నరా?”

“మీదికి గాదురా. అటు మల్లిండ్రు. ఎల్లిపోతున్నరు.”

“ఎట్ల పోతరే? మొన్ననే గద మనోళ్లు పోయి బతిలాడినా ఇనకపోయిరి.”

“ఎట్లయితేంది, పోతున్నరు. నువ్వు ఉరుకు, నాయకునికి జెప్పు.”

కోట తలుపులు తెరుచుకున్నాయి. ఇన్నాళ్లూ గోడల వెనక నలిగిన సేన బయటికి దూకి శిబిరం మీద పడింది, సామాను దోచుకుంది. ఉలుగ్ ఖాన్ తన వాళ్లను తీసుకుని వెనుదిరిగాడు. కాకతీయ సేన కోటగిరి దాకా తరిమిందనీ, అక్కడ ముట్టడిలో ఉన్న అబూ రిజా అనే సేనాని అతన్ని ఆదుకున్నాడనీ ఇసామీ చెబుతాడు. నీరసించిన సిపాయిలు దారి పొడుగునా కూలిపోయారు.

అప్పుడు, ఆ పరుగులో ఉండగా, ఢిల్లీ నుంచి టపా వచ్చింది. సుల్తాను క్షేమం.

ఆ జాబు వారం ముందు వచ్చి ఉంటే ఓరుగల్లు కథ 1321లోనే ముగిసేది. ఇప్పుడు అది వచ్చి చేయగలిగింది ఒక్కటే. పారిపోయిన సేనానులను రాజద్రోహులుగా తేల్చింది. కలిసి బయల్దేరిన నలుగురి మధ్యా అప్పుడే తగాదాలు వచ్చాయి, తలో దిక్కూ అయ్యారు. వాళ్ల సిపాయిలూ నౌకర్లూ వాళ్లను వదిలేశారు. గుర్రాలూ ఆయుధాలూ పరుల పాలయ్యాయి. మలిక్ తమర్ కొద్దిమంది రౌతులతో ఎటో లోపలి ప్రాంతాలకు వెళ్లి అక్కడే చచ్చిపోయాడు. తిగిన్‌ను చంపి చర్మం ఒలిచి దేవగిరిలో ఉన్న ఉలుగ్ ఖాన్‌కు పంపారు. మల్ అఫ్ఘాన్, ఉబైద్, మరికొందరు పట్టుబడి దేవగిరి మీదుగా ఢిల్లీ చేరారు.

సిరి మైదానంలో సుల్తాను బహిరంగంగా దర్బారు తీర్చాడు. ఉబైద్‌నూ ముద్రికల కాఫూర్‌నూ బతికుండగానే కొరత వేయించాడు. ఇంకొందరిని ఏనుగుల కాళ్ల కింద తొక్కించాడు. ఒక్క మగవాళ్లనే కాదు, వాళ్ల భార్యల్ని, పిల్లల్ని కూడా. నగరమంతా వణికిపోయిందని బరనీ రాశాడు. తండ్రి సేనను వదిలిపెట్టి పారిపోయినందుకు ఏ పసిపిల్లవాడు ఏనుగు కింద పడ్డాడో వాడి పేరు ఏ చరిత్రలోనూ లేదు. రాజుల గొడవలు చదివేటప్పుడు ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగకుండా ముందుకు పోవడం తప్పనిపిస్తుంది.

ఇబ్న్ బతూతా కథ వేరు. అతని ప్రకారం పుకారు పుట్టించమని ఉబైద్‌కు చెప్పింది ఉలుగ్ ఖానే. తండ్రి పోయాడని తెలిస్తే సేన తనకు విధేయత ప్రకటిస్తుంది, ఆ బలంతో గద్దె ఎక్కొచ్చని ఆశపడ్డాడట. అమీర్లు ఎదురు తిరిగి చంపబోతే మలిక్ తమరే కాపాడి పంపాడట, పది మంది రౌతులతో తండ్రి దగ్గరికి పరుగెత్తాడట. ఇరవయ్యో శతాబ్దపు చరిత్రకారుల్లో వూల్జీ హేగ్ ఈ కథనాన్ని పట్టుకున్నాడు. ఈశ్వరీ ప్రసాద్, మెహదీ హుసేన్ తోసిపుచ్చారు. నాకు రెండోవాళ్ల మాటే సబబుగా తోస్తుంది. కోట చేతికి వచ్చే వేళ ఏ యువరాజూ తన సేనను తానే ముక్కలు చేసుకోడు. పైగా తిరుగుబాటు చేశాడని తెలిసిన కొడుక్కి గియాసుద్దీన్ లాంటి కరుకు మనిషి మళ్లీ దండు అప్పగించడు. బతూతా విన్నదల్లా 1325 తర్వాత ఢిల్లీలో తిరిగిన మాటలు. ఆ ఏడాది అఫ్ఘాన్‌పూర్ దగ్గర, కొడుకు కట్టించిన చెక్క మంటపం కూలి గియాసుద్దీన్ చనిపోయాడు. దాంతో వెనకటి సంగతులన్నిటికీ జనం కొత్త అర్థాలు తీశారు. బరనీని కూడా గుడ్డిగా నమ్మలేం. పదిహేడేళ్లు ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఉన్నవాడు. ఇసామీ తాత ఆ సుల్తాను చేయించిన దౌలతాబాద్ (దేవగిరి) వలసలో దారిలోనే ప్రాణం విడిచాడు కాబట్టి అతని కలంలో కసి ఉంది. ముగ్గురి మాటా ఒక్కటయ్యే చోటు మాత్రం గట్టిది. కోటను గెలవబోతున్న దండును ఒక వదంతి రాత్రికి రాత్రి చెదరగొట్టింది.

ఇక ఓరుగల్లు వైపు. ఇక్కడే గుండె బరువెక్కుతుంది.

కోటలో పండుగ చేసుకున్నారు. చేసుకోవాల్సిందే, ఆరు నెలల తర్వాత తలుపులు తెరిచి గాలి పీల్చుకున్నవాళ్లు. కానీ ప్రతాపరుద్రుడు ఢిల్లీ ఇక రాదనుకున్నాడు. ముట్టడి కోసం కోటలో నిల్వ చేసిన ధాన్యపు కొట్లు తెరిపించి గింజలు అమ్మించేశాడని ఇసామీ రాశాడు. శత్రువు ఎందుకు వెళ్లిపోయాడో ఎవరూ ఆరా తీయలేదు. గోడ గట్టిదనం వల్ల పోయాడా, తన ఇంటి గొడవ వల్ల పోయాడా? గోడ వల్ల పోయినవాడు మళ్లీ రావడానికి భయపడతాడు. ఇంటి గొడవ వల్ల పోయినవాడు గొడవ సర్దుకోగానే వస్తాడు. సిరి మైదానంలో ఏనుగులు తొక్కింది ఆ గొడవనే. పాత అమీర్ల పోరు అక్కడితో తీరింది, యువరాజు మాటకు ఎదురు లేకుండా పోయింది. ఓరుగల్లుకు వేగులు లేరా, ఢిల్లీ కబుర్లు అందలేదా? ఎప్పటికప్పుడు ఢిల్లీ గద్దె కదలికలు చూసి కప్పం ఆపిన రాజ్యానికి ఈసారి ఆ చూపు ఎందుకు లోపించింది? ఆ కొట్లలో గింజలుండి ఉంటే అని ఈ నేల మీద పుట్టినవాళ్లకు అనిపించకుండా ఉండదు.

దేవగిరిలో ఉన్న ఉలుగ్ ఖాన్‌కు తండ్రి కొత్త సేనను పంపాడు. ఈసారి అతను తిన్నగా ఓరుగల్లు మీదికి రాలేదు. ముందు బీదరు పట్టుకున్నాడు, బోధన్ పట్టుకున్నాడు. దేవగిరికీ ఓరుగల్లుకూ మధ్య దారి తన చేతిలో ఉంచుకుని, అప్పుడు వచ్చాడు. 1323లో మట్టికోట పడింది, ఆ తర్వాత రాతికోట పడింది. తిండి లేని కోట ఎంతకాలమని నిలుస్తుంది? ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. రాజునూ పరివారాన్నీ ఏనుగులతో ఖజానాతో సహా ఖాదిర్ ఖాన్, ఖ్వాజా హాజీల కాపలాలో ఢిల్లీకి పంపారు. విజయ వార్త అందగానే తుగ్లకాబాద్‌లో, సిరిలో వేడుకలు జరిగాయి. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. రాజు ఢిల్లీ చేరలేదు. సోమోద్భవ, అంటే నర్మద, ఒడ్డున కన్నుమూశాడని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది. తన ఇచ్ఛతోనే దేహం చాలించాడని వందేళ్ల తర్వాత, 1423లో, అనితల్లి కలువచేరు శాసనం చెప్పింది.

పన్నెండేళ్లు గడిచాయి. ఉలుగ్ ఖాన్ ఇప్పుడు సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్. 1335 ప్రాంతంలో దక్షిణాన మాబారులో తిరుగుబాటు లేస్తే అణచడానికి తానే సేనతో బయల్దేరి ఓరుగల్లు చేరాడు. ఇక్కడ శిబిరంలో మహమ్మారి పడింది. సిపాయిలు పిట్టల్లా రాలిపోయారు, సుల్తాను కూడా మంచం పట్టాడు. మాబారు ఆశ వదులుకుని వెనుదిరిగాడు. దారిలో ఉండగానే సుల్తాను చచ్చిపోయాడని వదంతి పుట్టింది. అది నమ్మి దౌలతాబాద్‌లో మలిక్ హోషంగ్ తిరగబడ్డాడు. మాబారు మళ్లీ ఢిల్లీ చేతికి రాలేదు. 1336లో ప్రోలయ నాయకుడి దాయాది కాపయ నాయకుడు ఓరుగల్లు మీదికి వచ్చాడు. అప్పుడు ఢిల్లీ తరఫున కోటను ఏలుతున్నవాడు మలిక్ మక్బూల్. ఒకప్పుడు కాకతీయుల కొలువులో ఉండి మతం మారిన తెలుగువాడే. అతను కోట వదిలి ఢిల్లీకి వెళ్లిపోయాడు.